ఐదో లేన్

ఏడింటికి వాన ఆగింది.
టాంపెరే సరస్సు మీంచి వచ్చే చలిగాలి మాత్రం
టికెట్టు లేకుండానే లోపలికొచ్చి
నా పక్క సీట్లో కూచుంది.

కింద, పసుప్పచ్చ కోటు వేసుకున్న ముసలాయన
ఒక్కో హర్డిల్‌నీ గుడ్డతో తుడుస్తున్నాడు.
దూకేవాడెవడూ పైపట్టీ మీద తడిని చూడడు.
అయినా తుడుస్తున్నాడు,
రేపు ఎవరో కూచోబోయే పీటని తుడిచినట్టు.
టేపు పరిచి కొలుస్తాడు. వెనక్కొచ్చి మళ్లీ కొలుస్తాడు.
ఒక కన్ను మూసి వరస చూస్తాడు.
ఎడమచేతి చూపుడువేలు సగమే ఉందాయనకి.
కుర్రాళ్లకి చూపించాల్సినవన్నీ
గడ్డంతో చూపిస్తున్నాడు.

నూటపది మీటర్ల దారి. పది గడపలు.
గడపకీ గడపకీ మధ్య మూడంటే మూడే అడుగులు.
నాలుగో అడుగు పెడదామంటే
అక్కడ ఏ బలి తలా వంగి ఉండదు.

ఎనిమిది మంది వచ్చారు.
ఐదో లేన్‌లో సెనెగల్ కుర్రాడు, బిరామ్ న్గోమ్.
మోకాలి మీద పాత మచ్చ, అరిగిన నాణెమంత.
పేరు పిలిచినప్పుడు చెయ్యి ఊపలేదు.
మొదటి హర్డిల్ కేసి చూశాడు
అప్పిచ్చినవాడు వీధిలో ఎదురైనట్టు.

సెట్ అన్నారు.
స్టేడియమంతా ఒకే ఊపిరి మింగి పట్టుకుంది.
తుపాకీ.
వెంటనే ఇంకో తుపాకీ.

ఆ రెండో మోత అర్థమేమిటో పిల్లలకి కూడా తెలుసు.
మూడో లేన్‌వాడు ఆగలేక
మొదటి హర్డిల్‌ని గుద్ది పడేశాడు.
ముసలాయన పరిగెత్తుకెళ్లి నిలబెట్టి
దాన్ని మళ్లీ తుడిచాడు.

తెర మీద అంకె:
సున్నా పాయింట్ సున్నా తొమ్మిది ఎనిమిది.
చెవి నుంచి కాలికి కబురందడానికి
సెకనులో పదోవంతు పట్టాలని రూలు.
బిరామ్ కాలికి
వెయ్యోవంతులు రెండు ముందే అందింది.
చెవి కన్నా ముందు వాడిలో విన్నది ఎవరో
ఏ రూలూ అడగలేదు.
ఎర్రకార్డు ఎత్తారు.

ఆదిలోనే హంసపాదు అంటారు.
ఇక్కడ హంస ఇంకా పాదమే మోపలేదు.

మళ్లీ తుపాకీ. ఏడుగురు పరిగెత్తారు.
పదమూడు సెకన్ల చిల్లర.
గెలిచినవాడి పేరు రేపు పేపర్లో ఉంటుంది,
నాకు చూడాలనిపించలేదు.
అటూ ఇటూ పట్టీలు దడదడలాడి వాలిపోతుంటే
ఐదో లేన్‌లో పది హర్డిళ్లు
ఎవరి మడమా తగలకుండా
నిటారుగా నిలబడే ఉన్నాయి,
ఎవరూ కూచోని బంతిలో వేసిన విస్తళ్లలా.

జనం కదిలారు. ఎక్కడో ఒక జాతీయగీతం.
పసుప్పచ్చ కోట్లు తోపుడుబండి తెచ్చి
ఒక్కో లేనూ ఖాళీ చేశాయి.
ముసలాయన ఐదోదాన్ని చివరికి ఉంచాడు.
కావాలనో, అలా కుదిరిందో.

అప్పుడొచ్చాడు వాడు,
ముళ్లబూట్లు మెళ్లో వేలాడేసుకుని, ఉత్తకాళ్లతో.
మొదటి హర్డిల్ ముందు నిలబడ్డాడు.
దూకుతాడనుకున్నాను.
గట్టు మీద కెమెరావాడూ అలాగే అనుకుని
సర్దేసిన కెమెరా మళ్లీ తీశాడు.

వాడు దూకలేదు.
పైపట్టీ కింద చెయ్యి పెట్టి
హర్డిల్‌ని భుజానికెత్తుకున్నాడు.
ఎక్కడ పెట్టాలి, అని గడ్డం ఎగరేశాడు.
ముసలాయన, ఆ సాయంత్రం మొదటిసారి,
ఆ సగం వేలితోనే బండిని చూపించాడు.

ఒకరి భాష ఒకరికి రాదు.
ఏడోదాని దగ్గర కుర్రాడు ఆగి
మోకాలి మచ్చ తట్టి, దాన్ని తట్టి, ఏదో అన్నాడు.
ముసలాయన పెద్దగా నవ్వాడు.
కెమెరావాడు అప్పటికే వెళ్లిపోయాడు.

తర్వాత ట్రామ్‌లో నా పక్కనే కూచున్నాడు ముసలాయన,
పేరు టౌనో, ఫ్లాస్కులో అడుగంటిన కాఫీ వాసన.
వేలు అడిగాను.
"రంపపు మిల్లు," అన్నాడు.
"నేను వెయ్యోవంతులు రెండు వెనకపడ్డాను."
తన స్టేజి రాకముందే లేచి నిలబడ్డాడు.

కానీ నాకు మిగిలింది పదో హర్డిల్.
దాన్ని వాళ్లిద్దరూ చెరో చివరా పట్టుకుని
తడి ట్రాక్ మీద అడ్డంగా, మెల్లగా
బండి దాకా తీసుకెళ్లారు.

ఒక్కడు మోయగల బరువే అది.